ఎర్రమందు పసుపెందుకైంది?

బోరు నీళ్లకు ఫ్లోరైడ్ పరీక్ష చేస్తుంటే పక్కన నిలబడినవాళ్లు అడిగే ప్రశ్న ఇది. గాజు గొట్టంలో నీళ్లు పోసి ఎర్రటి మందు కలుపుతారు. ఫ్లోరైడ్ లేకపోతే ఎరుపు ఎరుపుగానే ఉంటుంది. ఉంటే నారింజకు, మరీ ఎక్కువుంటే పసుపుకు దిగుతుంది. కంటికీ నాలుకకూ అందనిది రంగునెలా మార్చింది?

ముందు ఆ ఎరుపు సంగతి చూడాలి. మందులో ఉన్నవి జిర్కోనియం అనే లోహపు అయాన్లు, అలిజారిన్ రకం రంగు. అలిజారిన్ మనకు కొత్తదేం కాదు. అద్దకానికి వాడే చిరివేరులో ఉండేది అదే. పెడన కలంకారీలో పటిక అచ్చు వేసిన చోటే ఎరుపు తేలుతుంది. పటికలోని అల్యూమినియం పట్టుకుంటేనే ఆ రంగు ఎర్రబడి నిలుస్తుంది మరి. పరీక్ష మందులో ఆ పట్టు జిర్కోనియానిది. వదిలేస్తే, ఆమ్లంలో అలిజారిన్ ఉత్త పసుపే.

లోహపు అయాన్ చుట్టూ చేరి, ఎలక్ట్రాన్ జంటనిచ్చి అంటిపెట్టుకునేవి లైగాండ్లు. జిర్కోనియం మీద నాలుగు ధనావేశాలున్నాయి. ఫ్లోరైడ్ చిన్నది, దాని రుణావేశమంతా ఇరుకు చోటులో ఉంటుంది. వాటి జోడీకి తిరుగులేదు. ఫ్లోరైడ్ వచ్చి అలిజారిన్‌ను నెట్టేసి దాని చోట్లో కూర్చుంటుంది. దీన్నే లైగాండ్ ప్రతిక్షేపణ అంటారు. క్లోరైడ్‌దీ అదే కుటుంబం, ఉప్పు బోర్లలో దానికి కొదవా లేదు. కానీ ఆ పట్టు దానికి లేదు.

మందులో ఆమ్లం కూడా బాగా ఉంటుంది. ఎందుకు? అది లేకపోతే హైడ్రాక్సైడ్ ముందుగా జిర్కోనియాన్ని పట్టేసి, తెల్లని జిగురులాంటి అవక్షేపంగా అడుక్కి దించేస్తుంది. పరీక్ష అక్కడితో సరి.

మన బోర్లలో ఫ్లోరైడ్ గొడవ పాతదే. 1937లోనే పరిశోధకులు షార్ట్, పండిట్, రాఘవాచారి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడ్ తెచ్చే జబ్బు, ఫ్లోరోసిస్ గురించి రాశారు. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు ఆ జిల్లావే. మార్కాపురం, గిద్దలూరు కర్నూలువి. 1970లో ఇవన్నీ కొత్తగా ఏర్పడ్డ ఒంగోలు జిల్లాలో చేరాయి, 1972లో దాని పేరు ప్రకాశం అయింది. జిల్లా పేర్లు మారినా గారపట్టిన పళ్లు మారలేదు.

ఈ పరీక్షనూ బోల్తా కొట్టించవచ్చు. నీళ్లలోంచి ఫ్లోరైడ్‌ను తీసే నల్గొండ పద్ధతిలో సున్నం, పటిక కలిపితే అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెట్టెలుగా కట్టి ఫ్లోరైడ్‌ను అడుక్కి లాక్కుపోతుంది. తేరిన నీళ్లలో అల్యూమినియం మిగిలిందా, అది ఫ్లోరైడ్‌ను జిర్కోనియం దాకా పోనివ్వదు. ఫ్లోరైడ్ ఉన్నా మందు ఎర్రగానే కనిపిస్తుంది. బ్లీచింగ్ పౌడర్ వేసిన నీళ్లది తిరగబడ్డ కథ. క్లోరిన్ రంగునే చంపేసి, లేని ఫ్లోరైడ్‌ను చూపిస్తుంది. అందుకే ముందు క్లోరిన్‌ను తీసేయాలి.

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు. ఆ రెంటి మధ్య రంగు తేడా చాలా సన్నం. పోల్చి చూసే రంగుల చార్టు పక్కన గొట్టం పెట్టి పట్టపగటి వెలుగులో చూడండి, ట్యూబులైటు కింద కాదు.