అడవి బడిలో అతిథి పాఠము

కళాశాలలో పాఠములు చెప్పువాడు ఒకనాడు ఉన్నత పాఠశాలకు పోయి ఒక గంట పాఠము చెప్పినందువలన ప్రయోజనమేమి? ఆ బడిలో ఉపాధ్యాయులు లేరా? ఈ ప్రశ్న న్యాయమైనదే. నన్ను మొదట అడిగినవాడు ఒక ప్రధానోపాధ్యాయుడు. అప్పుడు నాయొద్ద సరియైన జవాబు లేకపోయెను.

పెద్ద శాస్త్రజ్ఞులు పిల్లలకు పాఠములు చెప్పుట క్రొత్త సంగతి కాదు. లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో 1825లో క్రిస్మస్ ఉపన్యాసములు ప్రారంభమైనవి. మైకేల్ ఫారడే స్వయముగా పందొమ్మిది పర్యాయములు ఆ ఉపన్యాసములిచ్చెను. విద్యుత్తు రహస్యములు కనుగొన్న ఆ మహానుభావుడు పిల్లలకు చూపినది ఒక కొవ్వొత్తి. మన దేశములో 1972లో మధ్యప్రదేశములోని హోషంగాబాదు జిల్లాలో, పదహారు గ్రామీణ పాఠశాలలలో, ప్రయోగముల ద్వారా విజ్ఞానము నేర్పు కార్యక్రమము మొదలైనది. ఢిల్లీ విశ్వవిద్యాలయమునుండి, టాటా పరిశోధన సంస్థనుండి శాస్త్రజ్ఞులు స్వచ్ఛందముగా పల్లెలకు వచ్చి, ఉపాధ్యాయులతో కలిసి పనిచేసిరి. అది 2002 వరకు సాగెను. నేడు ‘విద్యాంజలి’ అను ప్రభుత్వ పథకము క్రింద కూడ ఎవరైనను బడికి వచ్చి తమకు తెలిసినది చెప్పవచ్చును.

నా మొదటి పాఠము మాత్రము ఫారడేను గాక గారడీవానిని తలపించెను. ఖమ్మమునుండి భద్రాచలము పోవు అడవిదారికి లోపలగా నున్న ఒక బడికి ప్రేరణ చుట్టను పెట్టెలో పెట్టుకొని పోతిని. నిప్పురవ్వలు చిటపటలాడినవి. పిల్లలు చప్పట్లు కొట్టిరి. నెల తరువాత మరల వెళ్ళినపుడు వారికి జ్ఞాపకమున్నది ఒక్కటే: నేను ‘మెరుపుల సారు’ను. రవ్వ ఎందుకు వచ్చినదో ఒక్కరికిని తెలియదు. తప్పు వారిది కాదు. నా పెట్టెతోపాటు ప్రశ్న కూడ నేను మోసుకొనిపోతిని.

ఆ రెండవసారి పెట్టె లేకుండ పోతిని. వానకాలములో ఆ పిల్లలు వినుమాట ఒకటున్నది: భద్రాచలము వద్ద గోదావరి ఇన్ని అడుగులు, ఇన్ని లక్షల క్యూసెక్కులు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు పొంగెను. అడుగులనగా పిల్లలకు తెలియును. మెట్లు మునుగుట వారు చూచినదే. ‘క్యూసెక్కు’ అనగా నేమి? తరగతిలో ఒకడు “పెద్ద నీళ్ళు సార్” అనెను. అంతకు మించి ఎవరును చెప్పలేదు. ఇండ్లు విడిచి పోవలెనో వద్దో తెలుపు అంకె వారికి ఒట్టి శబ్దముగా నుండెను.

క్యూసెక్కనగా సెకండుకు ఒక ఘనపుటడుగు నీరు, అనగా సుమారు 28.3 లీటర్లు. ఈ మాట నల్లబల్లపై వ్రాసి ఊరకుండవచ్చును. కాని బడి వెనుకనే కిన్నెరసానిలో కలియు చిన్న వాగొకటి యున్నది. దానినే కొలువ నిశ్చయించితిమి. అది చలికాలము. నీరు మోకాలిలోతు. ఇరువైపుల ఉపాధ్యాయులు నిలిచిరి. వానకాలములో ఈ పని ఎంతమాత్రమును చేయరాదు.

ఒడ్డు వెంబడి 10 మీటర్లు తాడుతో కొలిచి రెండు చివరల కర్రలు నాటితిమి. నేనొక ఎండుటాకును నీటిలో వేసితిని. అది కొంత దూరము పోయి, గాలి వీచగానే ప్రక్కకు కొట్టుకొనిపోయెను. వెనుక నిలిచిన ఒక బాలిక కోయ భాషలో ఏదో అనెను. అక్కడి ఉపాధ్యాయుడు నవ్వి తెలుగులో చెప్పెను: “ఆకు గాలి మాట వింటది, నీళ్ళ మాట వినదు అంటోంది.” ఇంతకు మించిన విమర్శ నా ప్రయోగములకు ఎన్నడును రాలేదు! అప్పుడు నిమ్మకాయ తెప్పించితిమి. అది చాలవరకు మునిగి తేలును గనుక గాలికి లొంగదు. మూడు సారులు విడిచితిమి. 19, 21, 20 సెకండ్లు పట్టెను. సగటు 20. అనగా పైనీటి వేగము సెకండుకు అర మీటరు.

కాని అడుగున, ఒడ్డుల వద్ద రాళ్ళు నీటిని ఆపుచుండును. కావున సగటు వేగము పైవేగముకన్న తక్కువ. సాధారణముగా పైవేగమును 0.85తో హెచ్చవేయుదురు. అది 0.425 అగును. వాగు వెడల్పు 4 మీటర్లు. ఒడ్డుల వద్ద లోతు సున్న. నడుమ మీటరుకొక చోట కర్ర దించి చూడగా 35, 45, 40 సెంటీమీటర్లు. సగటు లోతు 30 సెంటీమీటర్లు, అడ్డుకోత వైశాల్యము 1.2 చదరపు మీటర్లు. వేగముతో హెచ్చవేసిన సెకండుకు 0.51 ఘనపు మీటరు, అనగా 510 లీటర్లు. సుమారు 18 క్యూసెక్కులు.

భద్రాచలము వద్ద 43 అడుగులున్నపుడు గోదావరిలో ప్రవహించునది 9 లక్షల క్యూసెక్కులకు పైమాటే. పిల్లలే భాగించిరి. మా వాగులవంటివి యాబదివేలు! తరగతి ఒక్కసారి నిశ్శబ్దమైనది. నా నిప్పురవ్వలకు అట్టి నిశ్శబ్దము రాలేదు.

అప్పుడొక ప్రశ్న వచ్చెను. 53 అడుగులకు ప్రవాహము సుమారు 14 లక్షలు. పది అడుగులు పెరిగినంతనే ఒకటిన్నర రెట్లెట్లగును? నీరు పైకి లేచిన కొలది పక్కలకును పరచుకొనును. లోతు పెరిగిన కొలది అడుగు రాపిడి ప్రభావము తగ్గి వేగమును హెచ్చును. లోతు, వెడల్పు, వేగము మూడును ఒకేసారి పెరుగుట చేతనే ప్రవాహము అడుగుల లెక్కకంటె వడిగా పెరుగును.

భాష సంగతి కూడ చెప్పవలెను. “ఏరు లోతెంత?” అని నేనడిగినపుడు చిన్నపిల్లలు తెల్లబోయిరి. కోయ భాషలో ‘ఏర్’ అనగా నీరు. నీటి లోతెంత అని అడిగినట్లు తోచి, ఏ చోట అని వారి సందేహము. నిజమునకు వారి సందేహమే సరియైనది. లోతు చోటుచోటుకు మారును గదా! ఈ చిక్కును విప్పినవాడు నేను కాను, అక్కడి ఉపాధ్యాయుడు. 1943లో హైమెండార్ఫ్ ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణా కేంద్రము నెలకొల్పినపుడు గోండీ భాషలో వాచకములు తయారు చేయించుటకు కారణమిదే.

అతిథి తిరిగి పోవును, ఉపాధ్యాయుడు నిలుచును. అందుచేత నేనిప్పుడు ఏ బడికి పోయినను ముందుగా ఆ విజ్ఞాన ఉపాధ్యాయునితో కూర్చుండి పాఠము నిర్ణయింతును. ఆయన మరల ఒంటరిగా చేయజాలని ప్రయోగమును చేయను. నిమ్మకాయ, తాడు, గడియారము ఏ బడిలోనైనను దొరకును.

ఆ బడిలో నెలకొకసారి వాగును కొలిచి, గ్రాఫు కాగితముపై చుక్కలు పెట్టుచు వచ్చిరి. జనవరికి తగ్గెను, మార్చికి నిమ్మకాయ రాళ్ళ నడుమ చిక్కుకొనెను. ఏప్రిలులో వాగు ఎండిపోయెను. కొలుచుటకు నీరే లేనపుడు చుక్క పెట్టవలెనా అని ఒక బాలుడు అడిగెనట. ఉపాధ్యాయుడు సున్న వద్ద పెట్టించి, తేదీ వ్రాయించెను.