పేగులలోని సహాయకులు

మీ ఒంట్లో మీరు ఒక్కరే ఉన్నారనుకుంటున్నారా? పెద్దవాడైన మనిషి ఒంట్లో కంటికి కనిపించని సూక్ష్మజీవులు సుమారు 38 లక్షల కోట్లు కాపరముంటాయి. అన్నిటినీ కలిపి తూచినా పావుకిలో తూగవు. వాటిలో చాలాభాగం పెద్దపేగులో ఉండి, మనకు అరగని పీచును తిని బతుకుతాయి. కాన్సరు మందు పనిచేయటం, చేయకపోవటం కూడా కొంతవరకు వీటి చేతిలో ఉన్నదంటే వింతగా లేదూ?

మన రక్తంలోని తెల్లకణాలు శరీరానికి కాపలా భటులు. భటులు మరీ విజృంభిస్తే సొంత శరీరానికే చేటు గనక, వాటికి కళ్ళెం వంటిది ఉన్నది. అటువంటి కళ్ళెం ఒకటి 1992లో జపానులో హోంజో అనే శాస్త్రజ్ఞుడి ప్రయోగశాలలో బయటపడింది. కాన్సరు కణం టక్కరిది. ఆ కళ్ళెం పట్టి లాగి భటుణ్ణి ఆపేస్తుంది. ఆ పట్టు వదిలించే మందులు ఇప్పుడున్నాయి. ఇందుకు దారి చూపిన హోంజోకూ, అమెరికావాడైన ఆలిసన్‌కూ 2018లో నోబెల్ బహుమతి వచ్చింది.

చిక్కేమంటే, ఈ మందు కొందరికి అద్భుతంగా పనిచేస్తుంది, చాలామందికి పనిచేయదు. ఎందుకని? అమెరికాలో హూస్టన్ నగరంలోనూ, ఫ్రాన్సులో పారిస్ దగ్గరా పరిశోధకులు రోగుల మలం పరీక్షించారు. (ముక్కు మూసుకోకండి, అసలు కథ ఇక్కడే ఉన్నది!) మందు పనిచేసినవారి పేగులలోనూ, పనిచేయనివారి పేగులలోనూ ఒకే రకం సూక్ష్మజీవులు లేవు. ఇది కాకతాళీయం కావచ్చును గదా? అందుకని, సూక్ష్మజీవులు బొత్తిగా లేకుండా పెంచిన ఎలుకల పేగులలోకి ఆ మలం ఎక్కించి, కాన్సరు కలిగించి, మందిచ్చారు. మేలు పొందిన రోగుల మలం ఎక్కిన ఎలుకలలో మందు బాగా పనిచేసింది. తక్కినవాటిలో అంతగా చేయలేదు. ఈ ఫలితాలు 2018లో అచ్చయినాయి. కాపలా భటులు చాలామంది పేగుగోడల దగ్గరే మకాం వేసి, సూక్ష్మజీవులతో నిత్యం మసలుతూ ఉంటారు మరి.

పారిస్‌వారు మరొకటి గమనించారు. చికిత్స మొదలుపెట్టే రోజులలో యాంటీబయాటిక్కులు వాడినవారికి ఫలితం తక్కువ. ఆ మందులు చెడ్డ క్రిములతోపాటు మంచివాటినీ చంపుతాయి. అవసరమైనప్పుడు డాక్టరు ఇస్తే వేసుకోవలసిందే, అది వేరు సంగతి.

ఎలుకల మాట సరే, మనుషుల మాటేమిటి? అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో మెలనోమా అనే చర్మపు కాన్సరు ఈ మందుకు లొంగని 15 మందిని తీసుకున్నారు. అదే మందుతో మేలు పొందిన రోగుల మలాన్ని గొట్టం ద్వారా వీరి పెద్దపేగులోకి పంపి, మళ్ళీ అదే మందు ఇచ్చారు. 6గురికి గుణం కనిపించింది, 9 మందికి లేదు. ఇది 2021 నాటి మాట.

ఆ ఏడే మెలనోమా రోగుల తిండిని గురించి కూడా ఆరా తీశారు. రోజుకు 20 గ్రాములకు తగ్గకుండా పీచు తిన్నవారిలో జబ్బు ముదరటం ఆలస్యమయింది. పీచు అంటే, మీలో కొందరు కంచంలో పక్కకు నెట్టే చిక్కుడుకాయలలో, ఆకుకూరలలో ఉండేదే. ‘మంచి సూక్ష్మజీవులు’ అని అమ్మే బిళ్ళలు కొని మింగినవారికి మటుకు అటువంటి లాభం కనిపించలేదు.