తిరిగిరాని చెల్లింపు



మగ్గము మీద పోగు తెగినచో అతుకుదుము. పేక తప్పు పడినచో విప్పి మరల నేయుదుము. తప్పు దిద్దుకొను వీలు మన వృత్తిలోనే కలదు. అట్టి వీలు లేని చెల్లింపు ఒకటి ఇప్పుడు మన వాకిటికి వచ్చినది.

పోయిన నెలలో పాంచాలంకురిచ్చి వైపు సభ్యుడొకరు సంఘ కార్యాలయమునకు వచ్చిరి. "కార్యదర్శిగారూ, ఫోనులో ఒక నూలు వ్యాపారి పరిచయమైనాడు. 40,000 రూపాయలకు బిట్‌కాయిన్ కొని ముందుగా పంపితే నూలు చవుకగా ఇస్తానంటున్నాడు. పంపమంటారా?" అని అడిగిరి. ఆ సొమ్ము ఇంటిలోని నగలు కుదువబెట్టి తెచ్చినది. ఆయనకు చెప్పినదే అందరికిని చెప్పుచున్నాను.

చెక్కు ఇచ్చిన తరువాత అనుమానము కలిగినచో, అది మారకమునుపే బ్యాంకులో చెప్పి ఆపవచ్చును. యు.పి.ఐ. ద్వారా పంపిన సొమ్మును మనంతట మనము వెనుకకు తీసికొనలేము. అయినను నడుమ బ్యాంకు కలదు. మోసమని తెలిసిన వెంటనే 1930 నంబరునకు ఫోను చేసినచో, సొమ్ము ఇంకను ఖాతాలో ఉన్నయెడల నిలిపివేయు అవకాశము కలదు.

బిట్‌కాయిన్‌కు అట్టి మధ్యవర్తి లేడు. సతోషి నకమోటో అను పేరుతో 2008లో వెలువడిన పత్రము ననుసరించి 2009 జనవరిలో ఇది మొదలైనది. కొన్నవాడు తరువాత చెల్లింపును రద్దుచేసి అమ్మినవానిని ముంచకుండుట దీని ఉద్దేశములలో ఒకటి. చీరలు దూరదేశము పంపువానికి ఇది మేలే. కాని నూలు కొనువానికి అదే ఉరి. సరుకు రాకపోయినను, సొమ్ము పొరపాటున వేరొకరి చిరునామాకు పోయినను, పుచ్చుకొన్నవాడు దయతలచి ఇచ్చిననే తిరిగి వచ్చును. వాడెవడో తెలియనప్పుడు ఎవరిని అడుగుదుము?

"ప్రభుత్వము పన్ను వేసినది గదా, భయమేల?" అని కొందరందురు. 2022 ఏప్రిల్ 1 నుండి ఇట్టివాటి లాభముపై 30 శాతము పన్ను ఉన్నమాట నిజమే. పన్ను వేసినంత మాత్రమున ప్రభుత్వము పూచీపడినట్లు కాదు. 2022 డిసెంబరు 1న రిజర్వు బ్యాంకు ప్రజలకై ప్రయోగముగా ప్రారంభించిన డిజిటల్ రూపాయి వేరు. దానికి ఆ బ్యాంకు పూచీ కలదు. పేర్లు విని రెంటిని ఒకటిగా తలచరాదు.

కావున సొమ్ము తిరిగిరాని చోట జాగ్రత్త ముందే పడవలెను. ఎరుగని వ్యాపారికి ముందుగా పైకము పంపవద్దు. నూలు సంఘపు గిడ్డంగికి చేరి, నంబరు, తూకము సరిచూచిన పిమ్మటనే చెల్లింతుమని చెప్పుడు. నిజమైన వ్యాపారి ఇందుకు ఏదో ఒక దారి చూపును.

మన సభ్యుడు అట్లే కబురు చేసిరి. ఆ వ్యాపారి మరల పలుకలేదు. నగలు విడిపించుకొని ఇంటికి చేర్చినారు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొను అవసరము ఆ ఇంటికి రాలేదు. మన ఇండ్లలో ఎవరికిని రాకుండుగాక.