బూడిద దిబ్బలో తొలి రైతు ఆనవాళ్లు

మెట్ట పొలాల నడుమ బూడిద దిబ్బ కనిపిస్తే రైతు కన్ను ఎరువు మీదికి పోతుంది. రెండు బండ్లు తోలుకుంటే చేనికి బలమని అనుకోవడం సహజమే. కాని అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం ప్రాంతంలోని పాలవాయి బూడిద దిబ్బ వంటివి మన మెట్ట సేద్యపు తొలి ఆనవాళ్లు.

బళ్లారి, రాయచూరు, అనంతపురం, పాలమూరు ప్రాంతాల్లో ఇటువంటి దిబ్బలు అనేకం. వీటిపై కథలకూ కొదవలేదు. హంపి దగ్గర నింబాపురం దిబ్బ వాలిని దహనం చేసిన చోటని జనం చెప్పుకుంటారు. ఇది పశువుల పేడ కాలిన బూడిదని 19వ శతాబ్దంలోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ భావించారు. పాలమూరు ప్రాంతంలోని ఉట్నూరు దిబ్బను 1957లో ఆల్చిన్ తవ్వించగా ఆ మాట రుజువైంది. దొడ్డి చుట్టూ పాతిన గుంజల గుంతలు, బూడిద పొరల్లో పశువుల గిట్టల గుర్తులు బయటపడ్డాయి. దొడ్డిలో పేరుకున్న పేడను మళ్లీ మళ్లీ తగులబెట్టారు. పశువులను మంట దాటించే పండుగ ఆచారాలతో ఆల్చిన్ దీన్ని పోల్చారు. ఇదంతా నాలుగు వేల ఏళ్లకు పైబడిన మాట. పాలవాయిలో 1960 దశకంలో వి. రామిరెడ్డి తవ్వకాలు జరిపారు.

ఆనాటివారు పశువులతోనే సరిపెట్టుకోలేదు. ఉరవకొండ ప్రాంతంలోని వేల్పుమడుగుతో సహా పలుచోట్ల అప్పటి ఊళ్ల మట్టిని శాస్త్రజ్ఞులు నీటిలో కలిపి, పైకి తేలిన మాడిన గింజలను పరిశీలించారు. ఈ ప్రాంతపు తొలి పంటలు ఉలవలు, పెసలు, అండు కొర్రలు అని తేలింది. వాన మీదే ఆధారపడి పండే పంటలివి. రాగి, జొన్న ఆఫ్రికా నుంచి తర్వాత వచ్చాయి. నేడు జిల్లాలో పరచుకున్న వేరుశనగ అమెరికా ఖండం పంట. కరువు సీమలో ఉలవ నేటికీ నిలిచి ఉందంటే అది నాలుగు వేల ఏళ్ల అనుభవం.

అయితే ఎరువు కోసం తవ్వడం, పొలంలో కలిపి దున్నడం వల్ల చాలా దిబ్బలు తరిగిపోయాయి. పొర కదిలితే గిట్ట గుర్తు పోతుంది, గింజ పోతుంది. మళ్లీ పేర్చి చూసే వీలుండదు.

దున్నేటప్పుడు నునుపు రాతి గొడ్డలి, పాత కుండ పెంకులు దొరికితే అక్కడ తవ్వకం ఆపి తహసీల్దారుకు తెలపాలి. బండెడు బూడిద ఒక్క కారుకు ఎరువు. దిబ్బ నిలిస్తే, మెట్ట నేలలో తొలి విత్తు ఎవరు వేశారో మనుమలకు చూపవచ్చు.