ప్లాస్టిక్ గొట్టములు - వాని అతుకులు

నీరు పల్లమెరుగునని సామెత. గొట్టములో బంధింపబడిన నీరు పల్లమునే గాక అతుకునందలి లోపమును గూడ ఎరుగును. ఎంత సన్నని సందు దొరకినను అది వెలికి వచ్చును. కొళాయి యొద్ద కారు నీటిని చూచిన వెంటనే సరిచేయవచ్చును. గోడలోనో నేలలోనో కారు నీరు, చెమ్మ పైకి ఉబికిన తరువాతగాని మనకు తెలియదు. అప్పటికి గోడను పగులగొట్టక తప్పదు. కావున గొట్టమును కొనువారు ముందుగా ఆలోచింపవలసినది దాని వెలను గూర్చి కాదు. ఇందులో ప్రవహించు నీరెంత వేడిగా నుండును? దీనిని దేనితో అతుకవలెను? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము గొట్టము ఏ పదార్థముతో చేయబడినదో దానిపై ఆధారపడి యున్నది.

ప్లాస్టిక్ అనునది ఒకే పదార్థము కాదు. అదియొక పెద్ద కుటుంబము. ఇంటి నీటికి వాడు గొట్టములలో ముఖ్యముగా మూడు తెగల నిచట వివరింతుము.

పి.వి.సి. గొట్టము: బోరుబావి నుండి మిద్దెమీది తొట్టికి నీటిని చేర్చు గొట్టము మన ఇండ్లలో సాధారణముగా ఇదియే. ఇది చన్నీటికి మాత్రమే తగినది. సుమారు 60 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి చేరునప్పటికి దీని బలము చాలవరకు సన్నగిల్లి, గొట్టము మెత్తబడును. ఎండవేడిమితో నీరు కాచు సోలారు పరికరములో నీరు అంతకు మించి వేడెక్కవచ్చును. కావున ఆ పరికరము నుండి స్నానపు గదికి పి.వి.సి. గొట్టము వేయరాదు.

సి.పి.వి.సి. గొట్టము: పి.వి.సి.లో క్లోరిను పాలును మరింత పెంచి దీనిని చేయుదురు. ఇది సుమారు 93 డిగ్రీల వరకు తాళును. అయినను వేడి పెరిగినకొలది దీని బలమును తగ్గును. ఎస్.డి.ఆర్. 11 అను తరగతికి చెందిన గొట్టము 23 డిగ్రీల వద్ద చదరపు సెంటిమీటరునకు సుమారు 28 కిలోగ్రాముల ఒత్తిడికి తగినది. అదే గొట్టము 82 డిగ్రీల వద్ద సుమారు 7 కిలోగ్రాములకే తగినది. అనగా నాలుగవ వంతు మాత్రమే.

పెక్స్ గొట్టము: 1933లో ఇంగ్లండునందు గిబ్సన్, ఫాసెట్ అను ఇరువురు రసాయన శాస్త్రజ్ఞులు ఎథిలీను వాయువును అధికమైన ఒత్తిడికి గురిచేయుచుండగా, మైనమువంటి తెల్లని పదార్థము అనుకొనకయే లభించినది. అదియే పాలిథీను. దాని అణువులు పొడవైన దారములవంటివి; వేడి తగిలినచో ఒకదానిపై నొకటి జారును. 1960-70 దశకపు చివరి భాగమున జర్మనీ దేశీయుడగు థామస్ ఎంగెల్ ఈ దారములను అక్కడక్కడ ఒకదానితో నొకటి బంధించు పద్ధతిని రూపొందించెను. విడి దారములు జారిపోవును. ముడివైచి అల్లిన వల జారదు. అట్లు అల్లిక కలిగిన పాలిథీనే పెక్స్. అది వేడినీటికి తాళును, వంగును, పొడవైన చుట్టలుగా దొరకును. అయితే చిరకాలము ఎండలో నుంచినచో చెడిపోవును.

ఇక అతుకుల సంగతి. పి.వి.సి., సి.పి.వి.సి. గొట్టములకు దుకాణములలో 'సొల్యూషన్' అని పిలుచు ద్రవమును పూయుదురు. అది బంకవంటిది కాదు. అది గొట్టము పైపొరను, కాలరు లోపలి పొరను కరగించును. రెండు పొరలును కలిసి, ద్రవము ఆవిరియైన పిదప, ఒకే ముక్కగా గట్టిపడును. అందుచేత గొట్టమును వంకర లేకుండ అడ్డముగా కోసి, అంచున లేచిన పొట్టును గీకి, దుమ్మును తడిని తుడిచి, పూత పూసి, పావు చుట్టు త్రిప్పుచు అడుగువరకు దూర్చి, కొంతసేపు కదలనీయక పట్టుకొనవలెను. డబ్బాపై వ్రాసిన గడువు తీరనిదే నీరు విడువరాదు. పి.వి.సి. సొల్యూషన్ సి.పి.వి.సి.కి పనికిరాదు. ఆ ఆవిరులు మంటనంటుకొనునవి; కావున గాలి వచ్చుచోట, దీపమును బీడీని దూరముగా నుంచి పని చేయవలెను.

పెక్స్ నట్టి ద్రవములు కరగింపజాలవు. కావున దానిని సొల్యూషనుతో అతుకుట అసాధ్యము. గొట్టములోనికి ఇత్తడి ముక్కను దూర్చి, వెలుపల రాగి కడియమును పనిముట్టుతో నొక్కుట ఒక పద్ధతి. గొట్టపు కొనను సాగదీసి, ముక్కను దూర్చి వదలినచో, అది తన పూర్వరూపమును జ్ఞప్తికి తెచ్చుకొన్నట్లు ముడుచుకొని బిగియుట మరియొక పద్ధతి.

చలిదేశములలో ఈ గొట్టము నేలక్రింద కూడ చేరినది. నేలను వేడిచేయు ఆచారము ప్రాచీనమైనది. రోమనులు చిన్న స్తంభములపై నేలను నిలిపి, క్రిందుగా నిప్పుల వేడిగాలిని పంపెడివారు. కొరియావారి 'ఓండోల్' పద్ధతిలో వంటపొయ్యి పొగయే నేలక్రిందుగా సాగెడిది. ఇప్పుడచట పొగకు బదులు గొట్టములలో వేడినీరు తిరుగుచున్నది. యూరపు ఇండ్లలోను ఈ పద్ధతి కలదు. నేల అంతయు వేడిని వెదజల్లును గనుక 35 నుండి 45 డిగ్రీల నీరే సాధారణముగా చాలును.

విద్యార్థులు ఒక చిన్న లెక్క కట్టవచ్చును. గది వైశాల్యము 15 చదరపు మీటర్లు. గొట్టపు వరుసల నడుమ దూరము 15 సెంటిమీటర్లు. 15ను 0.15తో భాగింపగా 100 మీటర్ల గొట్టము కావలెను. 16 మిల్లీమీటర్ల గొట్టమునకు ఒక చుట్టు ఇంచుమించు ఇంతకు మించరాదు. మించినచో రాపిడివలన నీరు మందగించి, తుదిభాగము చల్లబడును. పెద్ద హాలునకు రెండు మూడు చుట్లు వేసి, వాని కొనలన్నిటిని గోడయందలి ఒక కూడలి పెట్టెలో చేర్చుదురు. కాంక్రీటులో అతుకు లేకుండుటయే ముఖ్య నియమము. కాంక్రీటు పోయకమునుపే ఒత్తిడితో పరీక్షించి, పోయునప్పుడును ఒత్తిడి నిలిపి యుంచుదురు.

మరియొక సూక్ష్మము కలదు. పెక్స్ గోడగుండ గాలిలోని ప్రాణవాయువు మెల్లగా లోనికి చొరబడును. త్రాగునీటి గొట్టమునకు దానివలన హాని లేదు. కాని ఒకే నీరు తిరిగి తిరిగి ప్రవహించు వ్యవస్థలో ఇనుప పంపును, ఉక్కు బాయిలరును అది త్రుప్పు పట్టించును. అందుచేత నేలక్రింది గొట్టమునకు ప్రాణవాయువును అడ్డగించు పలుచని పొర ఉండవలెను. చూపునకు రెండును ఒకటే, గుణమున వేరు.

మన ఊళ్లలో నేలను వేడిచేయు అవసరము లేదు. కాని సోలారు పరికరములును, గీజరులును అనేక గృహములలో నున్నవి. గొట్టముమీద దాని పేరు, తరగతి, కొలత, ప్రమాణపు సంఖ్య ఆంగ్లాక్షరములలో ముద్రింపబడి యుండును. మన దేశమున పి.వి.సి.కి ఐ.ఎస్. 4985, సి.పి.వి.సి.కి ఐ.ఎస్. 15778 అనునవి ప్రమాణములు. ఇంటిలో తెలుగును, బజారులో ఈ రాష్ట్రపు భాషను, బడిలో ఆంగ్లమును నేర్చు మన బాలబాలికలు ఆ అక్షరములను చదివి తల్లిదండ్రులకు చెప్పగలరు. పనివానికి అతని భాషలోనే వివరింపగలరు. గోడ మూసిన పిదప చదువుటకేమియు మిగులదు. కావున మూయకమునుపే చదువవలెను.