ఇంటి ముంగిటికి క్షయ చికిత్స: మద్రాసు పరిశోధన నేర్పిన పాఠం

(మార్చి 24 ప్రపంచ క్షయ నివారణ దినోత్సవం సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న బెర్లిన్ నగరంలో క్షయ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నట్లు ప్రకటించారు. ఆ రోజును పురస్కరించుకొని ప్రతి ఏటా మార్చి 24వ తేదీని ప్రపంచ క్షయ నివారణ దినోత్సవంగా పాటిస్తున్నారు. వ్యాధి కారకాన్ని కనుగొనడం ఒక ఎత్తయితే, ఆ వ్యాధితో బాధపడుతున్న లక్షలాది మంది పేదలకు చికిత్స అందించడం మరొక ఎత్తు. ఈ రెండవ సమస్యకు ప్రపంచం అంగీకరించిన సమాధానం సంపన్న దేశాల ఆసుపత్రులలో కాక, మన పొరుగున ఉన్న మద్రాసు నగరంలోని పేదల ఇరుకు ఇళ్ళలో లభించింది. వర్ధమాన దేశాలు తమ ప్రజారోగ్య సమస్యలను తమ పరిస్థితులలోనే పరిశోధించుకోవలసిన అవసరాన్ని ఆ అధ్యయనం నిరూపించింది.

శానిటోరియంల కాలం

సమర్థమైన మందులు లేని రోజులలో క్షయ రోగికి స్వచ్ఛమైన గాలి, పూర్తి విశ్రాంతి, బలవర్ధకమైన ఆహారం మాత్రమే చికిత్సగా ఉండేవి. ఇందుకోసం జనావాసాలకు దూరంగా, ఆరోగ్యకరమైన వాతావరణంలో శానిటోరియంలను నెలకొల్పారు. మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరంలో 1915లో ప్రారంభమైన శానిటోరియం దక్షిణ భారతదేశంలో ఇటువంటి సంస్థలలో ప్రముఖమైనది. చికిత్సతో పాటు పరిశోధనకు కూడా అది పేరు పొందింది.

స్వాతంత్ర్యం వచ్చే నాటికి దేశంలో క్షయ వల్ల ఏటా దాదాపు 5 లక్షల మంది మరణిస్తున్నారని అంచనా. రోగుల సంఖ్య లక్షలలో ఉండగా, ఆసుపత్రి పడకల సంఖ్య వేలలో మాత్రమే ఉండేది. వ్యాధి వాస్తవ విస్తృతిని తెలుసుకునేందుకు భారత వైద్య పరిశోధన మండలి 1955-58 సంవత్సరాల మధ్య జాతీయ నమూనా సర్వే నిర్వహించింది. హైదరాబాద్, మదనపల్లె కూడా ఈ సర్వే కేంద్రాలలో ఉండటం తెలుగువారు గుర్తుంచుకోదగిన విషయం. క్షయ కేవలం పట్టణాల జబ్బు అన్న అభిప్రాయాన్ని ఈ సర్వే తోసిపుచ్చింది. పల్లెలలోనూ వ్యాధి దాదాపు పట్టణాలతో సమానంగా వ్యాపించి ఉన్నదని, ప్రతి వెయ్యి మందిలో సుమారు నలుగురి తెమడలో క్షయ క్రిములు ఉన్నాయని వెల్లడించింది. ఇంతమంది రోగులకు శానిటోరియంలు నిర్మించడం ఏ ప్రభుత్వానికైనా అసాధ్యమని దీనితో స్పష్టమైంది.

ఈలోగా వైద్యశాస్త్రం ముందడుగు వేసింది. 1940వ దశకంలో స్ట్రెప్టోమైసిన్, పాస్ అనే మందులు, 1952లో చవకైన ఐసోనియాజిడ్ మాత్ర అందుబాటులోకి వచ్చాయి. అయితే ఈ మందులు వాడే రోగి శానిటోరియంలోనే ఉండాలా, ఇంటి వద్దనే ఉండి కోలుకోగలడా అన్న ప్రశ్న మిగిలిపోయింది. ఇరుకు గది, చాలీచాలని తిండి, తప్పనిసరి కూలి పని, పక్కనే పసిపిల్లలు ఉన్న పరిస్థితులలో మందులు పనిచేస్తాయని నమ్మడానికి చాలా మంది వైద్యులు సిద్ధంగా లేరు.

మద్రాసు అధ్యయనం

ఈ ప్రశ్నకు సమాధానం కనుగొనే ఉద్దేశంతో 1956లో మద్రాసులో క్షయ ఔషధ చికిత్సా కేంద్రం ఏర్పాటైంది. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి సంయుక్తంగా ఈ కృషి చేపట్టాయి. డాక్టర్ వాలెస్ ఫాక్స్ దీనికి నాయకత్వం వహించారు.

నగరంలోని పేద కుటుంబాలకు చెందిన 193 మంది ఊపిరితిత్తుల క్షయ రోగులను అధ్యయనానికి ఎంపిక చేశారు. ఎవరిని ఇంటి వద్ద ఉంచాలి, ఎవరిని శానిటోరియానికి పంపాలి అన్న నిర్ణయాన్ని వైద్యుల ఇష్టానికి గాని, రోగుల ఇష్టానికి గాని వదిలిపెట్టలేదు. చీటీలు తీసిన విధంగా యాదృచ్ఛిక పద్ధతిలో 96 మందిని ఇంటి చికిత్సకు, 97 మందిని శానిటోరియం చికిత్సకు కేటాయించారు. ఈ పద్ధతి వల్ల రెండు వర్గాలూ ఇంచుమించు సమానంగా ఉండి, ఫలితాలలో తేడా కనిపిస్తే అది చికిత్స పొందిన చోటు వల్లనే వచ్చిందని చెప్పడానికి వీలవుతుంది. ఇరువర్గాలకూ ఒకే మందులు, అంటే ఐసోనియాజిడ్, పాస్, ఏడాది పాటు ఇచ్చారు.

ఏడాది ముగిసే సరికి శానిటోరియంలో ఉన్నవారిలో 92 శాతం మందికి, ఇంటి వద్ద ఉన్నవారిలో 86 శాతం మందికి వ్యాధి అదుపులోకి వచ్చింది. ఈ స్వల్ప తేడా ఇంటి చికిత్సను కాదనడానికి తగినంతది కాదని పరిశోధకులు నిర్ధారించారు. ఐదేళ్ళ తరువాత పరిశీలించినపుడు కూడా ఇరువర్గాల మధ్య చెప్పుకోదగిన వ్యత్యాసం కనిపించలేదు. శానిటోరియంలో ఉన్నవారికి మంచి ఆహారం, విశ్రాంతి, గాలి, వెలుతురు లభించాయి. వారి బరువు కూడా ఎక్కువగా పెరిగింది. ఇంటి వద్ద ఉన్నవారు అంతకంటే తక్కువ తిని, ఎక్కువ పని చేసి, ఇరుకు ఇళ్ళలో నివసించి కూడా మందుల వల్ల కోలుకున్నారు.

అంతకంటే ముఖ్యమైన ప్రశ్న కుటుంబ సభ్యులకు సంబంధించినది. రోగి ఇంట్లోనే ఉంటే పిల్లలకు వ్యాధి సోకుతుందన్న భయం సహజం. అయితే రోగిని శానిటోరియానికి పంపిన కుటుంబాలతో పోలిస్తే, రోగి ఇంటి వద్దనే చికిత్స పొందిన కుటుంబాలలో క్షయ బారిన పడినవారు ఎక్కువగా లేరని అధ్యయనంలో తేలింది. రోగ నిర్ధారణ జరగక ముందే ఇంట్లో వారికి క్రిములు సోకి ఉంటాయని, మందులు సక్రమంగా వాడటం మొదలైన తరువాత రోగి నుండి వ్యాప్తి వేగంగా తగ్గిపోతుందని దీనివల్ల అర్థమవుతుంది. కనుక కుటుంబానికి అసలైన రక్షణ రోగిని వెలివేయడంలో లేదు, త్వరగా గుర్తించి మందులు మొదలుపెట్టడంలో ఉంది.

1959లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రచురితమైన ఈ ఫలితాలు ప్రపంచవ్యాప్తంగా క్షయ చికిత్స తీరునే మార్చివేశాయి. కాలక్రమంలో సంపన్న దేశాలు సైతం శానిటోరియంలను మూసివేసి ఇంటి చికిత్సను అనుసరించాయి. అయిదేళ్ళ పథకంగా మొదలైన ఆ కేంద్రం స్థిరపడి, 2011 నుండి జాతీయ క్షయ పరిశోధన సంస్థ పేరుతో చెన్నైలోని చెట్‌పెట్‌లో పనిచేస్తున్నది.

మందు వాడించే బాధ్యత

ఇంటి చికిత్సలో ఒక చిక్కును కూడా మద్రాసు పరిశోధకులు గుర్తించారు. నాలుగైదు వారాలలో దగ్గు, జ్వరం తగ్గగానే ఆరోగ్యం కుదుటపడిందని భావించి చాలా మంది మందులు మానివేస్తారు. ఇళ్ళకు ముందుగా చెప్పకుండా వెళ్ళి మిగిలిన మాత్రలు లెక్కించడం, మూత్ర పరీక్షల ద్వారా మందు వాడిందీ లేనిదీ తెలుసుకోవడం వంటి పద్ధతులను వారు అనుసరించారు. వారానికి రెండుసార్లు ఆరోగ్య సిబ్బంది సమక్షంలో మందు ఇచ్చే విధానాన్ని 1960వ దశకంలో పరీక్షించి, అది సమర్థంగా పనిచేస్తుందని నిరూపించారు. తరువాతి కాలంలో డాట్స్ పేరుతో ప్రసిద్ధమైన ప్రత్యక్ష పర్యవేక్షణ చికిత్సకు మూలాలు ఇక్కడే ఉన్నాయి. రిఫాంపిసిన్ వంటి శక్తిమంతమైన మందుల రాకతో చికిత్సా కాలం ఆరు నెలలకు తగ్గింది.

1959లో బెంగళూరులో ఏర్పాటైన జాతీయ క్షయ సంస్థ మరొక కోణంలో పరిశోధన సాగించింది. పల్లె ప్రజలు అజ్ఞానం వల్ల వైద్యానికి రారని, కాబట్టి వాహనాలలో ఎక్స్‌రే యంత్రాలు తీసుకొని ఊరూరా తిరగాలని అప్పట్లో చాలా మంది భావించేవారు. తుమకూరు జిల్లాలో దేబబ్రత బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ జరిపి 1963లో ప్రచురించిన అధ్యయనం ఈ భావనను తలకిందులు చేసింది. తెమడలో క్రిములున్న రోగులలో అత్యధికులకు తమ బాధ గురించి స్పష్టంగా తెలుసు. సగానికి పైగా అప్పటికే వైద్యం కోసం ప్రయత్నించారు. అయితే ఆసుపత్రులలో వారికి తెమడ పరీక్ష జరగలేదు, దగ్గు మందు సీసా మాత్రమే దక్కింది. లోపం రోగిలో కాక సేవలలో ఉందని ఈ పరిశోధన చాటింది. 1962లో ప్రారంభమైన జాతీయ క్షయ కార్యక్రమాన్ని ప్రత్యేక ఆసుపత్రులకు పరిమితం చేయకుండా సాధారణ ఆరోగ్య సేవలలో అంతర్భాగం చేయడానికి ఇటువంటి పరిశోధనలే ఆధారమయ్యాయి.

1997లో సవరించిన జాతీయ క్షయ నియంత్రణ కార్యక్రమం మొదలై, 2006 నాటికి దేశమంతటికీ విస్తరించింది. వారానికి మూడుసార్లు మందులిచ్చే పద్ధతి స్థానంలో 2017లో రోజువారీ మందుల విధానం వచ్చింది. 2020లో కార్యక్రమం పేరును జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమంగా మార్చారు.

ఆహారం సంగతి

మద్రాసు అధ్యయనాన్ని కొందరు పొరపాటుగా అర్థం చేసుకునే అవకాశం ఉంది. పేద తిండితోనూ రోగి కోలుకున్నాడు కనుక ఆహారం ముఖ్యం కాదని అనుకోవడం సరికాదు. సరైన మందులు వాడితే మంచి ఆహారం లేదన్న కారణంతో చికిత్సను నిరాకరించనవసరం లేదని మాత్రమే ఆ అధ్యయనం చెప్పింది. అసలు వ్యాధి రాకుండా ఆహారం కాపాడుతుందా అన్నది వేరే ప్రశ్న.

ఈ ప్రశ్నకు జార్ఖండ్ రాష్ట్రంలో జరిగిన అధ్యయనం సమాధానమిచ్చింది. నాలుగు జిల్లాలలో 2,800 మంది క్షయ రోగులను, వారి ఇళ్ళలోని 10,345 మంది కుటుంబ సభ్యులను 2019 నుండి పరిశీలించారు. రోగులందరికీ నెలనెలా ఆహార దినుసులు అందించారు. ఒక వర్గంలో కుటుంబ సభ్యులకు కూడా ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, సూక్ష్మ పోషకాలు ఇచ్చారు. మరొక వర్గంలోని కుటుంబ సభ్యులు తమ మామూలు ఆహారమే తీసుకున్నారు. 2023లో వెలువడిన ఫలితాల ప్రకారం, అదనపు ఆహారం అందిన కుటుంబాలలో కొత్తగా క్షయ సోకడం 39 శాతం తగ్గింది. ఇతరులకు అంటించే రకం ఊపిరితిత్తుల క్షయ 48 శాతం తగ్గింది. చికిత్స మొదలైన రెండు నెలలలో బరువు పెరిగిన రోగులలో మరణాలు కూడా తక్కువగా నమోదయ్యాయి. ఈ ఫలితాలకు కారణమైనవి ఖరీదైన టానిక్కులు కావు, చౌక దుకాణంలో దొరికే బియ్యం, పప్పు వంటి దినుసులే.

క్షయ రోగులకు పోషకాహారం నిమిత్తం 2018 ఏప్రిల్ నుండి నిక్షయ్ పోషణ్ యోజన కింద చికిత్సా కాలంలో నెలకు 500 రూపాయలు నేరుగా బ్యాంకు ఖాతాలో జమ చేయడం ప్రారంభమైంది. 2024 నవంబరు నుండి ఈ మొత్తాన్ని 1,000 రూపాయలకు పెంచారు. నిక్షయ్ మిత్ర పేరుతో దాతలు రోగులకు ఆహార దినుసులు అందించే ఏర్పాటు 2022లో మొదలైంది.

ప్రజల భాగస్వామ్యం అవసరం

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాల ప్రకారం దేశంలో ప్రతి లక్ష జనాభాకు కొత్తగా క్షయ సోకేవారి సంఖ్య 2015లో 237 ఉండగా, 2024 నాటికి 187కు తగ్గింది. ఇది గణనీయమైన ప్రగతి. అయినప్పటికీ ప్రపంచంలోని క్షయ రోగులలో దాదాపు నాలుగో వంతు ఇప్పటికీ మన దేశంలోనే ఉన్నారు. కనుక చేయవలసిన పని ఇంకా ఎంతో మిగిలి ఉంది.

రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం వేళ జ్వరం, బరువు తగ్గడం, ఆకలి మందగించడం, కళ్లెలో రక్తపు చారలు కనిపించడం క్షయ లక్షణాలు. ఇటువంటి లక్షణాలున్నవారు దగ్గు మందుతో సరిపెట్టుకోకుండా సమీపంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తెమడ పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో పరీక్షలు, మందులు పూర్తిగా ఉచితం. వైద్యులు చెప్పినంత కాలం మందులు వాడాలి. మధ్యలో మానివేస్తే వ్యాధి తిరగబెట్టడమే కాక, మందులకు లొంగని మొండి క్షయగా మారే ప్రమాదం ఉంది. రోగి ఇంట్లోని వారందరూ, ముఖ్యంగా పిల్లలు, పరీక్ష చేయించుకోవాలి. వైద్యులు సూచిస్తే ముందు జాగ్రత్త చికిత్స తీసుకోవాలి. వివరాలకు ఆశా కార్యకర్తను గాని, నిక్షయ్ ఉచిత ఫోన్ నంబరు 1800-11-6666ను గాని సంప్రదించవచ్చు.

క్షయ సోకిందన్న కారణంతో కోడలిని పుట్టింటికి పంపడం, కూలివాడిని పనిలో నుండి తొలగించడం, కంచం, గ్లాసు వేరు చేయడం వంటి దురాచారాలు కొన్నిచోట్ల ఇంకా కనిపిస్తున్నాయి. వెలివేతకు భయపడి జబ్బును దాచుకున్న రోగి చికిత్సకు దూరమై, తన ప్రాణానికీ తన ఇంటివారి ఆరోగ్యానికీ ముప్పు తెచ్చుకుంటాడు. ఇంటి వద్దనే, తనవారి మధ్యనే ఉండి క్షయ రోగి పూర్తిగా కోలుకోగలడని మద్రాసు పేదలు ఆరు దశాబ్దాల క్రితమే నిరూపించారు. వేళకు మందు, కడుపు నిండా తిండి, ఇంటిల్లిపాది ఆదరణ లభించేలా చూడటం కుటుంబం, సమాజం, ప్రభుత్వం కలసి నిర్వర్తించవలసిన బాధ్యత.