నేలపై సాగు పడవకు తూనికయే రక్ష

పడవకు గండము నీటియందే యుండునని లోకుల తలంపు. కాని సొంత మోటారు పడవలు గల అమెరికా గృహస్థులలో పలువురికి ఆ గండము నీరు కంటబడుటకు మునుపే, నడివేసవి మధ్యాహ్నమున, రహదారిపైననే ఎదురగుచుండును. టెక్సాస్, ఓక్లహోమా రాష్ట్రముల సరిహద్దున రెడ్ నదిపై 1944లో పూర్తియైన డెనిసన్ ఆనకట్ట వెనుక టెక్సోమా అను విశాల జలాశయము కలదు. మన తెలుగు కుటుంబములు పెక్కులు స్థిరపడిన డాలస్ నగరము నుండి అచటికి సుమారు 120 కిలోమీటర్ల దారి. సెలవు దినములలో పికప్ ట్రక్కుల వెనుక ట్రెయిలర్లపై పడవలు ఇట్టి సరస్సులకు తరలిపోవుచుండును. దారిప్రక్కన ఒరిగి నిలిచిన ట్రెయిలరును, పేలికలైన టైరును, ఎండలో జాకీతో పెనుగులాడు యజమానిని చూచుట ఆ దేశపు రహదారులపై అపురూపము కాదు. అట్టివాడు మేకునో, గుంతనో, టైరు చేసిన కంపెనీనో నిందించును. టైరు పగిలినది రహదారిపైననే యైనను, అది పగులుట పెక్కు పట్టుల ఇంటి వాకిటనే, బరువును తూచక, గాలిని కొలువక బయలుదేరిన క్షణముననే, నిశ్చయమై పోయియుండును.

టైరునకు పరమశత్రువు మేకు కాదు, వేడి. గాలి తక్కువైన టైరు ప్రక్కగోడ నేలవైపునకు వచ్చినప్పుడెల్ల వంగి, దానిని దాటినప్పుడెల్ల మరల నిటారగును. 15 అంగుళముల రిమ్ముపైనున్న సాధారణపు ట్రెయిలరు టైరు గంటకు 100 కిలోమీటర్ల వేగమున నిమిషమునకు ఏడు వందల పర్యాయములకు పైగా ఇట్లు వంగి లేచుచుండగా, ఆ వంపుల శ్రమ వేడిగా మారి రబ్బరులో చేరుచుండును. ఆ వేడి మితిమీరినప్పుడు ఉక్కుతీగల పట్టీలకును రబ్బరునకును గల బంధము సడలి, నేలను పట్టు పైపొర పట్టీ పట్టీగా లేచిపోవును. 2000 సంవత్సరమున ఫైర్‌స్టోన్ సంస్థ 65 లక్షల టైర్లను వెనుకకు పిలిపించుకొనవలసి వచ్చినది ఇట్లు పైపొర ఊడిపోవుట వలననే. ఆ ప్రమాదములు ఎండ మెండైన దక్షిణ రాష్ట్రములందే అధికముగా జరిగినవి. ఆ యేటనే వచ్చిన చట్టము ఫలితముగా, టైరులో గాలి బాగుగా తగ్గినప్పుడు హెచ్చరించు సాధనము అమెరికాలోని కొత్త కార్లన్నిటికిని తప్పనిసరి యైనది. కాని ఆ నిబంధన ట్రెయిలర్లకు వర్తింపదు. కారు టైరు మెత్తబడినచో స్టీరింగు పట్టిన చేతికి తెలియును. వెనుక వచ్చు ట్రెయిలరు టైరు మెత్తబడినచో, అది చీలి పొగలు చిమ్మువరకును ముందు కూర్చున్నవానికి తెలియకపోవచ్చును. కావున ఆ హెచ్చరిక సాధనమును వేరుగా కొని అమర్చుకొనుట వివేకము.

గాలిని ప్రయాణమునకు ముందు, టైర్లు చల్లగానున్నపుడే కొలువవలెను. ట్రెయిలర్ల కొరకే తయారగు టైర్ల ప్రక్కగోడపై గరిష్ఠభారమును, ఆ భారమును మోయుటకు కావలసిన గాలి ఒత్తిడియు ముద్రింపబడియుండును. బరువైన పడవలకు సాధారణముగా ఆ ఒత్తిడియే పట్టింపదగినది. దారిలో నిలిపి చూచినప్పుడు, టైరు వేడెక్కుటచే, గాలి చదరపు అంగుళమునకు నాలుగైదు పౌండ్లు హెచ్చియుండుట సహజము. అది చూచి భయపడి గాలి తీసివేసినచో, మరుసటి ప్రొద్దున టైరు తక్కువ గాలితో బయలుదేరును. వేగమునకును హద్దు గలదు. టైరుపై వేగసూచికగా జె అను అక్షరమున్నచో గంటకు 100 కిలోమీటర్లు, ఎల్ అను అక్షరమున్నచో 120 కిలోమీటర్లు దానికి గరిష్ఠవేగము. లాగు ట్రక్కు అంతకు మించి పరుగెత్తగలదని వెనుకనున్న టైరును పరుగెత్తించుట తగదు.

ఇక బరువు. పడవ అమ్మువాడు చెప్పు బరువు వట్టి పడవది. రోడ్డెక్కు పడవ బరువు వేరు. పడవ 1,400 కిలోలనియు, ట్రెయిలరు 400 కిలోలనియు అనుకొందము. తొట్టిలో 150 లీటర్ల పెట్రోలున్నచో అదియే 110 కిలోలు. బ్యాటరీలు, లంగరు, త్రాళ్లు, మంచుపెట్టె, లైఫ్ జాకెట్లు చేరి మరి 150 కిలోలు. వెరసి 2,060. ఇందులో 150 కిలోలు లాగు బండిపై వాలినను, మిగిలిన 1,910 కిలోలు రెండు చక్రములపై, ఒక్కొక్కదానిపై 955 కిలోల వంతున నిలుచును. ఈ తరహా ట్రెయిలర్లకు వాడు 15 అంగుళముల టైర్లలో ఒక పరిమాణమునందు సి అను భార తరగతి టైరు చదరపు అంగుళమునకు 50 పౌండ్ల గాలితో మోయగలిగినది 975 కిలోలు. అనగా మిగులు 20 కిలోలు మాత్రమే! బ్యాటరీలు ఒక ప్రక్కకు చేరినను, గాలి కొంచెము తగ్గినను ఆ మిగులు హరించిపోవును. అదే పరిమాణమున డి తరగతి టైరు 65 పౌండ్ల గాలితో 1,150 కిలోలు మోయును; ధరలో హెచ్చినను నిశ్చింతలో అంతకంటె హెచ్చు. ఆ గాలిని రిమ్ము తాళునో లేదో మాత్రము ముందుగా చూచుకొనవలెను. రహదారుల వెంట లారీలు నిలుచు మజిలీలలో తూనిక వేదికలు కలవు. సరుకులన్నియు నింపి, పెట్రోలు పోసి ఒకమారు తూచినచో ఊహలతో పని యుండదు.

మొత్తము బరువు సరిపోయినంత మాత్రమున పని ముగియలేదు. అది ఎచ్చట వాలినదన్నది అంతకంటె ముఖ్యము. ఈ రహస్యము మన రైతునకు ఎవరును చెప్పనక్కరలేదు. రెండెడ్ల బండిలో బస్తాలు వెనుకకు చేరినచో కాడి పైకి లేచి ఎడ్ల కుత్తుకలు బిగియును, ముందుకు హెచ్చినచో కాడి మెడలను అణచును. కావున ఇరుసునకు కొంచెము ముందుగా బరువు మొగ్గునట్లు అతడు బస్తాలు పేర్చును. పడవ ట్రెయిలరును అట్టిదే. దాని నొగ లాగు బండి కొక్కెముపై మోపు బరువు మొత్తములో 5 నుండి 10 శాతము ఉండవలెనని పడవ ట్రెయిలర్ల తయారీదారులు సామాన్యముగా నిర్ణయింతురు. ఇతర ట్రెయిలర్లకు 10 నుండి 15 శాతము. మోటారు పడవలలో యంత్రము, తరచుగా పెట్రోలు తొట్టియు వెనుకనే యుండుటచే నొగ తేలికయగు ప్రమాదము వీనికి సహజముగానే కలదు. నొగ తేలికయైనచో ట్రెయిలరు అటునిటు ఊగుట ప్రారంభించును. వేగము ఒక మేర దాటినంతనే ఆ ఊపు తనంతట తానే పెరిగి, లాగు బండిని సైతము త్రోవ తప్పించును. అట్టి వేళ స్టీరింగును నిలకడగా పట్టి, కాలు యాక్సిలరేటరుపై నుండి మెల్లగా తీయవలెను గాని, బ్రేకును అదరిపాటున తొక్కరాదు. నొగపై బరువు మితిమీరినను ముప్పే: లాగు బండి వెనుకభాగము క్రుంగి, ముందు చక్రముల పట్టు సడలును.

నొగ బరువును ఇంటనే తూచవచ్చును. ఒక గట్టి పలక ఒక కొనను ఇటుకపైనను, రెండవ కొనను మనుష్యులు బరువు చూచుకొను యంత్రముపైనను నిలిపి, ఆ రెండాధారముల నడుమ మూడడుగుల ఎడముంచి, ఇటుకకు ఒక అడుగు దూరమున నొగను ఆనించవలెను. యంత్రము చూపిన సంఖ్య నుండి, పలక మాత్రమే యున్నప్పుడు అది చూపిన సంఖ్యను తీసివేసి మూడింతలు చేసినచో నొగ బరువు వచ్చును. చక్రములకు అడ్డు పెట్టుటయు, నొగను లాగునప్పుడుండు ఎత్తుననే నిలుపుటయు మరువరాదు. లెక్క తప్పినచో మొదట సామానులను జరుపవలెను. చాలనిచో పడవ ముక్కును ఆపు కంబమును ముందునకో వెనుకకో జరిపి బిగింపవలెను. కాని పడవ వెనుక అంచు ఆధారపు దుంగలను దాటి వ్రేలాడకుండ చూచుకొనవలెను.

రెండిరుసుల ట్రెయిలరైనచో అది నేలకు సమాంతరముగా నడువవలెను. ముక్కు పైకి లేచినచో వెనుక ఇరుసుపైనను, వంగినచో ముందు ఇరుసుపైనను భారము హెచ్చును. ఒక టైరు పగిలినప్పుడు అదే ప్రక్కనున్న జోడు టైరు ఆ భారమంతయు మోసి లోలోపల దెబ్బతినును. దానినికూడ నిపుణునకు చూపక మరల వాడుట ప్రమాదము.

పడవ ట్రెయిలరు టైరునకు వయస్సు కిలోమీటర్లలో గాక సంవత్సరములలో లెక్క. ఏడాదిలో అధికభాగము ఎండలో కదలక నిలుచుటచే, పైపొర గాళ్లు లోతు తరుగకున్నను ప్రక్కగోడలు నెరియలు వారును. ప్రక్కగోడపైని గుర్తింపు సంఖ్యలోని చివరి నాలుగంకెలు పుట్టిన తేదీని తెలుపును: 2319 అనగా 2019లోని 23వ వారము. ఆరేండ్లు నిండిన టైర్లను రూపుచూచి నమ్మక మార్చుట మేలు. టైర్లకు ముసుగు కప్పి, ఎడనెడ ట్రెయిలరును కదల్చుచుండవలెను. ఇరుసు కొనల బేరింగులును జాగ్రత్త కోరును. దూరము నడిచి వేడెక్కిన చక్రపు గుబ్బను వెంటనే చల్లని నీట ముంచినచో లోపలి గాలి సంకోచించి నీటిని లోనికి పీల్చును. గ్రీజు చెడి, తుప్పు పట్టి, పిమ్మట చక్రమే ఊడిపోవచ్చును. కావున ఒడ్డున కొంతసేపు నిలిపి చల్లారనిచ్చి దింపుటయు, ఏటేట గ్రీజు మార్చుటయు కర్తవ్యములు.

ఇవన్నియు చేయుటకు పెద్ద ఖర్చు లేదు, గొప్ప విద్యయు అక్కరలేదు. ఒక గాలి కొలత సాధనము, ఒక పలక, తూనిక వేదికపై కొలది నిమిషములు చాలును. విదేశమందైనను, స్వదేశమందైనను కారు వెనుక బరువును కట్టు ప్రతివాడును ఆ కొలది నిమిషములు వెచ్చింపవలెను. ఆ బండిలో అతని ఆలుబిడ్డలే కాక, ఎదురువచ్చు కార్లలో పరుల ఆలుబిడ్డలును ప్రయాణము చేయుచున్నారు.